గడియారం చిప్, డివైస్ ట్రీ, లైనక్స్ డ్రైవర్

రియల్ టైమ్ క్లాక్, పొట్టిగా ఆర్‌టీసీ, అంటే కరెంటు ఉన్నా పోయినా తేదీ, సమయం లెక్కపెట్టుకుంటూ పోయే చిన్న చిప్. దాని పక్కనే బిళ్ల ఆకారంలో ఒక బ్యాటరీ ఉంటుంది. సప్లై ఆగిన మరుక్షణం చిప్ ఆ బ్యాటరీ మీదికి మారిపోతుంది. కంప్యూటర్ మళ్లీ ఆన్ అయినప్పుడు టైమెంతయిందో ఆపరేటింగ్ సిస్టమ్ ఈ చిప్‌నే అడిగి తెలుసుకుంటుంది. చిప్ లేకపోయినా, ఉండి జవాబివ్వకపోయినా లైనక్స్ కెర్నెల్ లెక్క 1970 జనవరి 1 దగ్గర మొదలవుతుంది. ఇంటర్నెట్ దొరికితే ఆ తర్వాత సరిచేసుకోవచ్చు. దొరక్కపోతే ఫైళ్ల మీద తప్పు తేదీలు పడతాయి. లాగ్‌ల వరుస చెదిరిపోతుంది. భద్రతా సర్టిఫికెట్లు ఇంకా అమల్లోకి రానట్టు కనిపించి కనెక్షన్లు కుదరవు.

ఈ చిప్‌తో మాట్లాడే ప్రోగ్రామే డ్రైవర్. లైనక్స్‌లో గడియారం డ్రైవర్లన్నిటికీ కలిపి ఒక ఉమ్మడి చట్రం 2006లో వచ్చింది. చిప్‌తో ఎలా మాట్లాడాలో డ్రైవర్‌కు తెలుసు. కానీ ఆ చిప్ ఈ బోర్డు మీద ఉందో లేదో తెలియదు. ఉంటే ఏ తీగల మీద ఉందో, ఏ అడ్రసులో ఉందో, దాని అలారం పిన్ను ఎక్కడికి వెళ్తోందో కూడా తెలియదు. ఈ సంగతులు చెప్పే ఏర్పాటు పేరు డివైస్ ట్రీ. పాత డ్రైవర్‌కు ఈ ఏర్పాటును జోడించడం, కోడు లెక్కన చూస్తే, కొద్ది పంక్తుల పని. ఆ పంక్తులతో పాటు తలకెత్తుకునే బాధ్యత మాత్రం ఏళ్ల తరబడి ఉంటుంది.

ముందు చిప్ సంగతి. ఈ కోవలో బాగా పేరున్నది డీఎస్ 1307. డాలస్ సెమీకండక్టర్ అనే అమెరికన్ కంపెనీ తయారుచేసింది. దీనికి తగిలించే క్వార్ట్జ్ క్రిస్టల్ సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను వరసగా 15 సార్లు సగం చేస్తే సరిగ్గా ఒకటి మిగులుతుంది. సెకను అలా పుడుతుంది. చిప్‌లోని మొదటి 7 రిజిస్టర్లలో వరసగా సెకన్లు, నిమిషాలు, గంటలు, వారం, తేదీ, నెల, సంవత్సరం ఉంటాయి. ఎనిమిదోది కంట్రోల్ రిజిస్టర్. దాని తర్వాత 56 బైట్ల మెమరీ ఉంటుంది.

సంఖ్యలను దాచుకునే పద్ధతి బీసీడీ. అంటే బైటులోని పై నాలుగు బిట్లలో పదుల అంకె, కింది నాలుగు బిట్లలో ఒకట్ల అంకె. 59 సెకన్లయితే బైటులో 0101, 1001 అని ఉంటుంది. దాన్ని మామూలు బైనరీ సంఖ్య అనుకుని చదివితే 89 వస్తుంది. నిమిషంలో 89వ సెకను లేదు గనక డ్రైవర్ ముందుగా దాన్ని మార్చుకోవాలి. సంవత్సరానికి రెండంకెలే చోటు. కాబట్టి 2000 నుంచి 2099 దాకానే లెక్క.

సెకన్ల బైటులో అన్నిటికన్నా పై బిట్‌కు వేరే పని ఉంది. అది 1 అయితే గడియారం ఆగి ఉన్నట్టు. కొత్త చిప్‌కు మొదటిసారి కరెంటు ఇచ్చినప్పుడు ఆ బిట్ సాధారణంగా 1గానే ఉంటుంది. ఆ స్థితిలో ఎవరైనా టైము అడిగితే డ్రైవర్ ఎర్రర్ ఇస్తుంది. తప్పు టైము చెప్పడం కన్నా తెలియదనడమే నయం. సరైన టైము రాశాక ఆ బిట్ సున్నా అవుతుంది, గడియారం నడక మొదలవుతుంది.

చిప్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య ఉండేవి రెండే తీగలు. ఈ పద్ధతిని ఐటూసీ అంటారు. ఒకే జత తీగల మీద చాలా చిప్‌లు ఉండవచ్చు. ఒక్కోదానికి 7 బిట్ల అడ్రసు ఉంటుంది. డీఎస్ 1307 అడ్రసు హెక్సాడెసిమల్ లెక్కలో 68. యూఎస్‌బీ పరికరాన్ని తగిలించగానే కంపెనీ నంబరు, మోడల్ నంబరు అదే చెబుతుంది. ఐటూసీ చిప్ అలా చెప్పదు. 68 అని పిలిస్తే ఉన్నానని పలుకుతుంది, అంతే. ఇంతకన్నా కచ్చితంగా నడిచే డీఎస్ 3231 గడియారం అడ్రసూ 68. కదలికలను కొలిచే ఎంపీయూ 6050 సెన్సరు కూడా మామూలుగా 68లోనే ఉంటుంది. పలికింది కదా అని గడియారం అనుకుని రిజిస్టర్లలో రాస్తే సెన్సరు సెట్టింగులు పాడవుతాయి. అందువల్ల అక్కడ ఏ చిప్ ఉందో కెర్నెల్‌కు ఎవరో ఒకరు ముందే చెప్పి తీరాలి.

పీసీల్లో ఈ తంటా పెద్దగా లేదు. 1984లో వచ్చిన ఐబీఎం పీసీ ఏటీలో మోటరోలా గడియారం చిప్ ఉండేది. దాన్ని హెక్స్ 70, 71 పోర్టుల ద్వారా అందుకునేవారు. తర్వాత వచ్చిన పీసీలు అదే మర్యాద పాటించాయి. ఆర్మ్ ప్రాసెసర్లతో తయారయ్యే ఫోన్లు, రౌటర్లు, చిన్న బోర్డుల్లో అలాంటి కట్టుబాటు లేదు. ఏ కంపెనీ బోర్డు ఆ కంపెనీ ఇష్టం. అందుకని ఒక్కో బోర్డు వివరాలను ఒక్కో సీ ఫైలులో రాసి కెర్నెల్‌లోనే కలిపేసేవారు. వీటిని బోర్డు ఫైళ్లు అనేవారు. ఫలానా ఐటూసీ బస్ మీద, 68 అడ్రసులో డీఎస్ 1307 ఉందన్న మాట కూడా ఆ ఫైలులోనే ఉండేది. బ్యాటరీని ఛార్జ్ చేయాలా వద్దా లాంటి వివరాలను ప్లాట్‌ఫామ్ డేటా అనే స్ట్రక్చర్‌లో పెట్టి డ్రైవర్‌కు అందించేవారు.

బోర్డులు పెరిగేకొద్దీ ఈ ఫైళ్లూ పెరిగాయి. ఒక్క అడ్రసు మారినా కెర్నెల్‌ను మళ్లీ కంపైల్ చేయాల్సిందే. ఆర్మ్ కోడు ఇలా అదుపు తప్పడం మీద 2011 మార్చిలో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ బహిరంగంగానే విరుచుకుపడ్డారు. ఆ తర్వాత ఆర్మ్ డెవలపర్లు డివైస్ ట్రీ వైపు జోరుగా కదిలారు. 64 బిట్ల ఆర్మ్ కోడులో అయితే బోర్డు ఫైళ్లకు మొదటి నుంచీ చోటే ఇవ్వలేదు.

డివైస్ ట్రీ అప్పుడు కొత్తగా కనిపెట్టింది కాదు. సన్ కంపెనీ వర్క్‌స్టేషన్లలో, ఆపిల్ పవర్‌పీసీ కంప్యూటర్లలో ఓపెన్ ఫర్మ్‌వేర్ అనే ఏర్పాటు ఉండేది. దాని ప్రమాణం 1994లో ఐఈఈఈ 1275 పేరుతో వచ్చింది. హార్డ్‌వేర్ మొత్తాన్ని కొమ్మలుగా, రెమ్మలుగా వర్ణించే పద్ధతి అందులోదే. లైనక్స్ పవర్‌పీసీ డెవలపర్లు ఆ వర్ణనను ఒక చిన్న ఫైలుగా కుదించారు. ఆర్మ్‌కు అందింది ఆ రూపమే.

మనిషి రాసే ఫైలును డీటీఎస్ అంటారు. డీటీసీ అనే కంపైలర్ దాన్ని డీటీబీ అనే బైనరీ ఫైలుగా మారుస్తుంది. బూట్‌లోడర్ ఆ ఫైలును మెమరీలో పెట్టి, అది ఎక్కడుందో ప్రాసెసర్ రిజిస్టర్ ఒకదానిలో రాసి, కెర్నెల్‌కు పగ్గాలు అప్పగిస్తుంది. కెర్నెల్ దాన్ని విప్పి చదువుకుంటుంది. దీంతో ఒకే కెర్నెల్ పది రకాల బోర్డుల మీద నడవగలదు. బోర్డును బట్టి మారేది డీటీబీ ఒక్కటే. ఫ్యాను ఎలా బిగించాలో ఎలక్ట్రీషియన్‌కు తెలుసు, ఏ స్విచ్చు తీగ ఏ గదికి పోతుందో ఇంటి వైరింగ్ ప్లాను చెబుతుంది. డ్రైవర్‌కూ డివైస్ ట్రీకీ మధ్య పని పంపకం అలాంటిదే.

డీఎస్ 1307కు రాసే నోడ్, అంటే ఆ వర్ణనలో దాని రెమ్మ, చాలా చిన్నది. ముందుగా చిప్ ఏ ఐటూసీ బస్ మీద ఉందో ఆ బస్ నోడ్ తెరుస్తారు. దాని లోపల ఆర్‌టీసీ ఎట్ 68 అనే పేరుతో పిల్ల నోడ్ పెడతారు. అందులో ఉండాల్సినవి రెండే ప్రాపర్టీలు. ఒకటి కంపాటిబుల్, దాని విలువ డాలస్ కామా డీఎస్ 1307. కామాకు ముందుది తయారీదారు పేరు, తర్వాతది చిప్ పేరు. రెండోది రెగ్, దాని విలువ హెక్స్ 68. ఆర్‌టీసీ అన్నది ఆ వస్తువు ఏ జాతిదో చెప్పే పేరు. డ్రైవర్ వెతికేది దాన్ని కాదు, కంపాటిబుల్‌లోని మాటను.

డ్రైవర్ వైపు మొదటి పని ఆ మాటను గుర్తుపట్టే జాబితా చేర్చడం. తాను నడపగలిగిన చిప్‌ల కంపాటిబుల్ పేర్లను డ్రైవర్ ఒక పట్టికలో వరసగా రాస్తుంది. చివర ఒక ఖాళీ గడి ఉంచుతుంది. జాబితా ముగిసిందని కెర్నెల్‌కు ఆ గడి వల్లే తెలుస్తుంది, అది మరిస్తే వెతుకులాట పట్టిక దాటి పోతుంది. ఆ పట్టికను డ్రైవర్ స్ట్రక్చర్‌కు తగిలించాలి. మాడ్యూల్ డివైస్ టేబుల్ అనే మాక్రోతో బయటికి కూడా ప్రకటించాలి.

ఈ ప్రకటన ఎందుకు ముఖ్యమో చెప్పడానికి డీఎస్ 1307 చరిత్రే సాక్ష్యం. డివైస్ ట్రీ పట్టిక లేని రోజుల్లో కూడా ఆ డ్రైవర్ డివైస్ ట్రీ బోర్డుల మీద పనిచేసేది. ఎలాగంటే, ఐటూసీ చట్రం కంపాటిబుల్‌లో కామాకు ముందున్న కంపెనీ పేరును వదిలేసి, మిగిలిన డీఎస్ 1307 అన్న పేరును డ్రైవర్ పాత జాబితాతో పోల్చి చూసేది. పని జరిగేది గనక లోపం ఎవరికీ కనిపించేది కాదు. కానీ వేర్వేరు కంపెనీలు ఒకే పేరుతో చిప్‌లు చేస్తే ఈ పోలిక తప్పుదారి పడుతుంది. పైగా ఆ తర్వాతి కెర్నెళ్లు డివైస్ ట్రీ ద్వారా వచ్చిన చిప్‌ను పూర్తి కంపాటిబుల్ పేరుతోనే ప్రకటించడం మొదలుపెట్టాయి. పట్టిక లేని డ్రైవర్ మాడ్యూల్‌గా ఉంటే అలాంటి చోట దానంతటది లోడ్ కాదు. డీఎస్ 1307 డ్రైవర్‌లో ఆ పట్టిక 2017లో చేరింది.

రెండో పని చిప్‌ల మధ్య తేడాలను పట్టుకోవడం. పేరుకు డీఎస్ 1307 డ్రైవర్ అయినా, డీఎస్ 1337, డీఎస్ 1339, డీఎస్ 3231, మైక్రోచిప్, ఎప్సన్, ఎస్‌టీ కంపెనీల గడియారాలు కొన్ని కూడా దీని కిందికే వస్తాయి. కొన్నిటికి అలారం ఉంది, డీఎస్ 1307కు లేదు. కొన్నిటిలో రిజిస్టర్ల వరస కొంచెం వేరు. అందుకే పట్టికలో ప్రతి పేరు పక్కనా అది ఏ రకమో చెప్పే గుర్తు ఒకటి ఉంటుంది. డ్రైవర్ మొదలయ్యే చోట, అంటే ప్రోబ్ ఫంక్షన్‌లో, ఆ గుర్తును తీసుకుని తగిన దారి ఎంచుకుంటుంది. ప్రతి తేడానూ డివైస్ ట్రీలో ఒక్కో ప్రాపర్టీగా రాయనక్కర్లేదు. చిప్ పేరును బట్టే తెలిసిపోయే విషయం డ్రైవర్‌లో ఉండాలి. బోర్డును బట్టి మారేది మాత్రమే డివైస్ ట్రీలోకి రావాలి.

మూడో పని పాత ప్లాట్‌ఫామ్ డేటాలో ఉన్నవాటిని ప్రాపర్టీలుగా మార్చడం. డీఎస్ 1339 బ్యాకప్ సెల్‌ను కొద్దికొద్దిగా ఛార్జ్ చేయగలదు. ఆ దారిలో 250, 2,000, 4,000 ఓములలో ఏ రెసిస్టర్ ఉండాలో ఎంచుకోవచ్చు. బోర్డు మీద సూపర్ కెపాసిటర్ ఉంటే ఛార్జింగ్ కావాల్సిందే. రీఛార్జ్ కాని లిథియం సెల్ ఉంటే మాత్రం ఛార్జింగ్ ప్రమాదం. ఏది ఉందో చిప్‌కు తెలియదు, డ్రైవర్‌కూ తెలియదు. బోర్డు చేసినవారికే తెలుసు. అందుకే ఓముల విలువ డివైస్ ట్రీలో ఒక ప్రాపర్టీ. ఆ ప్రాపర్టీ లేకపోతే డ్రైవర్ తనంతట తాను ఛార్జింగ్ మొదలుపెట్టదు.

క్రిస్టల్‌దీ అదే తీరు. ఎన్‌ఎక్స్‌పీ వారి పీసీఎఫ్ 85063 గడియారానికి 7 పికోఫారడ్ల క్రిస్టల్ గానీ, 12.5 పికోఫారడ్ల క్రిస్టల్ గానీ వాడవచ్చు. చిప్‌లో ఒక బిట్ దానికి తగ్గట్టు పెట్టకపోతే గడియారం పరుగో, వెనుకబాటో పడుతుంది. పది లక్షలకు 20 వంతుల తేడా ఉన్నా రోజుకు దాదాపు 1.7 సెకన్లు, నెలకు ఇంచుమించు నిమిషం. అందుకే క్రిస్టల్ లోడ్ విలువ కూడా ఒక ప్రాపర్టీ అయింది. దశాంశాలు రాకుండా దాన్ని ఫెమ్టోఫారడ్లలో, అంటే 7000 లేదా 12500 అని రాస్తారు.

నాలుగోది అలారం. డీఎస్ 3231 లాంటి చిప్ అనుకున్న సమయానికి తన ఇంటరప్ట్ పిన్నును కిందికి లాగుతుంది. ఆ పిన్ను ప్రాసెసర్‌లో ఎక్కడికి వెళ్తోందో ఇంటరప్ట్స్ ప్రాపర్టీ చెబుతుంది. డ్రైవర్‌కు ఆ నంబరు ఐటూసీ చట్రమే అందిస్తుంది. అయితే కొన్ని బోర్డుల్లో ఈ పిన్ను ప్రాసెసర్‌కు అసలు పోదు. నేరుగా పవర్ సప్లై చిప్‌కు పోయి, ఆఫ్‌లో ఉన్న బోర్డును ఆన్ చేస్తుంది. అప్పుడు చెప్పడానికి ఇంటరప్ట్ నంబరు ఉండదు. నంబరు లేదు కాబట్టి అలారం లేదని డ్రైవర్ అనుకుంటే పొరపాటే. ఇలాంటి చోట వేకప్ సోర్స్ అనే ప్రాపర్టీ రాస్తారు. దానికి విలువేమీ ఉండదు, ఉండటమే దాని అర్థం. అది కనిపిస్తే డ్రైవర్ అలారం సదుపాయాన్ని తెరిచి ఉంచుతుంది.

గడియారం ప్రాసెసర్ లోపలే ఉన్నప్పుడు పద్ధతి కొంచెం మారుతుంది. బీగల్‌బోన్ బోర్డుల్లోని ఏఎం 335ఎక్స్ ప్రాసెసర్ అలాంటిదే. అక్కడ ఐటూసీ అడ్రసు బదులు రెగ్ ప్రాపర్టీలో మెమరీ అడ్రసు, దాని నిడివి ఉంటాయి. ఇంటరప్ట్‌లు రెండు, 75, 76. కంపాటిబుల్‌లో కూడా రెండు పేర్లుంటాయి. ముందు ఈ ప్రాసెసర్‌దే అయిన పేరు, తర్వాత దీనికి మూలమైన పాత ప్రాసెసర్ పేరు. కొత్త పేరు తెలియని డ్రైవర్ పాత పేరు పట్టుకుని మామూలు పనులు నడిపిస్తుంది. కొత్త పేరు తెలిసిన డ్రైవర్ అదనపు సదుపాయాలనూ వాడుకుంటుంది.

కోడు రాయడంతో పని ముగియదు. ప్రతి కంపాటిబుల్ పేరుకూ, దాని కింద అనుమతించే ప్రాపర్టీలకూ ఒక పత్రం ఉండాలి. దాన్ని బైండింగ్ అంటారు. మొదట్లో వీటిని మామూలు వచనంలో రాసేవారు. 2019 ప్రాంతం నుంచి యామెల్ రూపంలోకి మారుస్తూ వస్తున్నారు. ఏ ప్రాపర్టీ తప్పనిసరి, ఏది ఐచ్ఛికం, దానికి ఏ విలువలు చెల్లుతాయి అన్నవి అందులో ఉంటాయి. కంప్యూటరే ఆ పత్రాన్నీ, దాని ప్రకారం డీటీఎస్ ఫైళ్లనూ తనిఖీ చేస్తుంది. కొత్త కంపెనీ అయితే దాని పేరును తయారీదారుల జాబితాలో ముందుగా నమోదు చేయాలి. మార్పులను పంపేటప్పుడు బైండింగ్ ఒక ప్యాచ్, డ్రైవర్ ఒక ప్యాచ్, బోర్డు డీటీఎస్ ఒక ప్యాచ్. ఆ వరస తప్పకూడదు.

సమీక్షలో ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ఈ ప్రాపర్టీ హార్డ్‌వేర్‌ను వర్ణిస్తోందా, సాఫ్ట్‌వేర్ ఎలా నడుచుకోవాలో ఆదేశిస్తోందా? క్రిస్టల్ లోడ్ హార్డ్‌వేర్ సంగతి, ఉండవచ్చు. ఇన్ని నిమిషాలకోసారి టైము సరిచూడు అన్నది వాడేవారి ఇష్టం, దానికి ఇక్కడ చోటు లేదు. డివైస్ ట్రీని లైనక్స్ ఒక్కటే చదవదు. యూ-బూట్ లాంటి బూట్‌లోడర్లు, ఫ్రీబీఎస్‌డీ లాంటి ఇతర సిస్టమ్‌లు కూడా చదువుతాయి.

బైండింగ్ ఒక ఒప్పందం లాంటిది, దాని బరువు తెలిసేది ఇక్కడే. డీటీబీ ఫైలు బోర్డు ఫ్లాష్ మెమరీలో ఏళ్ల తరబడి మారకుండా ఉండవచ్చు. కెర్నెల్ మాత్రం కొత్తది వస్తూనే ఉంటుంది. పాత డీటీబీతో కొత్త కెర్నెల్ నడవాలి. అందువల్ల ఒకసారి చెల్లిన పేరును డ్రైవర్ వదులుకోలేదు. డాలస్ సెమీకండక్టర్‌ను 2001లో మాక్సిమ్ కొన్నది. మాక్సిమ్‌ను 2021లో అనలాగ్ డివైసెస్ కొన్నది. అయినా డివైస్ ట్రీలో ఆ చిప్ ఇప్పటికీ డాలస్ కామా డీఎస్ 1307. తర్వాత ఇంకో మంచి ప్రాపర్టీ పేరు తట్టినా, పాతదాన్ని వాడుకలోంచి తప్పుకున్నదని గుర్తుపెట్టి, రెండూ చదవాల్సిందే. కొత్త ప్రాపర్టీ చేర్చినప్పుడు కూడా అది లేని పాత బోర్డు ఇదివరకటిలాగే నడవాలి.

బోర్డు మీద గడియారాలు రెండున్నప్పుడు ఇంకో చిక్కు. ప్రాసెసర్ లోపలి గడియారానికి బ్యాటరీ ఉండకపోవచ్చు. బయట డీఎస్ 3231కు బ్యాటరీ ఉంటుంది. ముందుగా నమోదైన గడియారం ఆర్‌టీసీ సున్నా అవుతుంది. బూట్ అయ్యేటప్పుడు కెర్నెల్ మామూలుగా ఆ సున్నా నంబరు దాన్నే టైము అడుగుతుంది. ఐటూసీ చిప్ కన్నా లోపలి గడియారం ముందు నమోదైతే, సరైన టైము చేతిలోనే ఉన్నా సిస్టమ్ తప్పు తేదీతో లేస్తుంది. దీనికి మందు డీటీఎస్‌లోని అలియాసెస్ నోడ్‌లో ఒక్క పంక్తి. ఆర్‌టీసీ సున్నా అంటే ఫలానా నోడ్ అని అక్కడ రాస్తే చాలు. నమోదు ఏ వరసలో జరిగినా నంబరు మారదు. ఈ అలియాస్‌ను చూసుకునే పని ఉమ్మడి చట్రానిదే. డ్రైవర్‌లో కోడేమీ అక్కర్లేదు.

చివరిది పరీక్ష. బోర్డు లేచాక ప్రాక్ కింద ఉండే డివైస్ ట్రీ ఫోల్డరులో ఆ నోడ్ కనిపిస్తే డీటీబీ సరిగ్గా అందినట్టు. బూట్ సందేశాల్లో డ్రైవర్ పేరు, బస్ నంబరు, 68 అడ్రసు, ఆర్‌టీసీ నంబరు ఉన్న పంక్తి వస్తే జత కుదిరినట్టు. నోడ్ ఉండి ఆ పంక్తి రాకపోతే కంపాటిబుల్ అక్షరాలను, బస్ స్టేటస్‌ను, మాడ్యూల్ లోడ్ అయిందా అన్నదాన్ని చూడాలి. తర్వాత హెచ్‌డబ్ల్యూక్లాక్ ఆదేశంతో టైము రాసి, మళ్లీ చదివి సరిపోల్చాలి. అలారం ఉంటే, బోర్డును నిద్రపుచ్చి అది లేపుతోందో లేదో చూడాలి. ఆ పైన నెట్‌వర్క్ తీగ తీసేసి, కరెంటు పూర్తిగా ఆపి, కాసేపాగి ఆన్ చేయాలి. టైము ఆగినచోటి నుంచి కాకుండా నడిచినచోటి నుంచి రావాలి. ఇదంతా కుదిరాక పాత డీటీబీతో కూడా ఒకసారి బూట్ చేసి, ముందు పనిచేసినవన్నీ ఇప్పుడూ పనిచేస్తున్నాయని తేల్చుకోవాలి. అది కూడా తేలితే గడియారం డ్రైవర్‌కు డివైస్ ట్రీ సపోర్టు చేరినట్టే.